కొట్టేసిన మాట

మార్వెల్లా ప్రూయిట్ ఆ బుధవారం వెర్లీన్ పార్లర్‌కు వచ్చింది జుట్టు పని కోసం కాదు. తను పనిచేసే వృద్ధుల నర్సింగ్ హోమ్ యూనిఫారంలోనే వచ్చి తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుంది. డ్రయ్యర్ల కింద ఉన్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయేదాకా పాత పత్రికలు తిరగేస్తూ ఉండిపోయింది. పక్కనే ఆమె చిన్న కూతురు ఇమానీ నోరంతా నారింజరంగు చేసుకుని, చప్పరించేసిన ఐస్ పుల్ల ఇంకా చేతిలో పట్టుకుని ఉంది.

చివరి ఆవిడ కూడా వెళ్ళాక వెర్లీన్ నేల ఊడుస్తూ అడిగింది. "ఏమ్మా, అప్పట్నుంచీ చూస్తున్నా. చెప్పేదేదో చెప్పెయ్."

"ఇల్లు అక్కా," అంది మార్వెల్లా. "లిండెన్ వీధిలో గార్త్ ఎలింగ్సన్ గారి ఇల్లు. పొద్దున ఫోన్ చేస్తే ఖాళీగానే ఉంది, డ్యూటీ అయ్యాక వచ్చి చూసుకోండి అన్నాడు. తీరా వెళ్ళి మెట్ల మీద నిలబడేసరికి, 'అయ్యో, ఇందాకే ఇంకొకరికి మాటిచ్చేశానే' అన్నాడు. చేతిలో బ్రష్షుంది. లోపల గదికి పసుపు రంగు వేస్తున్నాడు. ఇది తలుపులోంచి తొంగి చూసి, ఆ గది నాదేనా అని అడిగింది. ఆయన నవ్వి, లోపలికెళ్ళి దీనికి ఐస్ తెచ్చిచ్చాడు."

"ఐస్ ఇచ్చాడా?"

"ఇచ్చాడక్కా. ఎంత మర్యాదగా మాట్లాడాడో! అదే నాకు ఒళ్ళు మండుతోంది. తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టి వచ్చేదాన్ని."

వెర్లీన్ చీపురు గోడకు ఆనించి నాకు ఫోన్ చేసింది.

వెర్లీన్ ఓక్స్ మా మార్లో ఫాల్స్ నగర మానవ హక్కుల కమిషన్‌కు అధ్యక్షురాలు. అంత పెద్ద పేరు విని ఎవరూ హడలిపోనక్కరలేదు. మేం ఏడుగురం. జీతం లేదు, ఆఫీసు లేదు. నెలకోసారి సిటీ హాల్ కింది అంతస్తులో, నీళ్ళ బిల్లులు కట్టే కౌంటర్ పక్క గదిలో మడత కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళం. కాఫీ పొడి కూడా మేమే తెచ్చుకునేవాళ్ళం. నా పేరు లోరెన్ హాస్కెట్. ఈ ఊళ్ళో ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైనవాణ్ణి. నా భార్య పోయాక ఇంట్లో ఒక్కణ్ణీ టీవీ ముందు కూర్చోలేక, మేయర్ అడిగితే సరేనని చేరాను.

వెర్లీన్ చేరిన కారణం వేరు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఊరి ఈతకొలనులోకి నల్లవాళ్ళ పిల్లల్ని వారానికి ఒక్కరోజే దిగనిచ్చేవారు. ఆ సాయంత్రమే నీళ్ళన్నీ తోడేసి, మర్నాటికి కొత్త నీళ్ళు పట్టేవారు. వెర్లీన్ తల్లి ఎస్టెల్, ఇంకో పదిమంది ఆడవాళ్ళు ఒక వేసవి అంతా సిటీ హాల్ మెట్ల మీద గొడుగులు వేసుకుని కూర్చున్నారు. ఆ వేసవి చివర పుట్టింది మా కమిషన్. "నగరవాసుల పౌరహక్కులను రక్షించడానికీ, పెంపొందించడానికీ" అన్నది దాని చట్టంలో మొదటి వాక్యం. మిగతా పిల్లలు ప్రార్థనలు నేర్చుకునే వయసులో వెర్లీన్ ఆ వాక్యం నేర్చుకుంది. తల్లి వంటింట్లో నిలబెట్టి అప్పజెప్పించుకునేదట.

ఖాళీ ఇల్లు నల్లవాళ్ళకి ఖాళీ లేదని చెప్పినవాణ్ణి పట్టుకోవడానికి ఒక్కటే దారి. వెంటనే తెల్లవాళ్ళని పంపి అదే ప్రశ్న అడిగించాలి. మా కమిషన్‌లో హోలిస్ బ్రాంట్ అని ఒక కుర్రాడు, బళ్ళో సంగీతం మేష్టరు, ఊరికి కొత్త. గార్త్‌కు అతని ముఖం తెలియదు. మర్నాడు పొద్దున్నే హోలిస్, నిండు చూలాలైన అతని భార్యా లిండెన్ వీధికి వెళ్ళొచ్చారు. వెర్లీన్ పార్లర్లోనే మేం అతని కోసం కాచుకుని ఉన్నాం.

"ఊఁ, ఏమన్నాడు?" అంది వెర్లీన్.

హోలిస్ ముఖం కందిపోయి ఉంది. "ఖాళీగానే ఉందన్నాడు. మాకు ఇల్లంతా చూపించాడు. పసుపు గదిలోకి తీసుకెళ్ళి, పుట్టబోయే పాపకి ఇది బాగుంటుంది, పొద్దుటి ఎండ వస్తుంది అన్నాడు."

"వీధి గురించి అడిగావా?"

"అడిగాను. 'చాలా మంచి వీధి బాబూ, ఇలాగే ఉండేలా నేను చూసుకుంటున్నా' అన్నాడు." హోలిస్ గొంతు తగ్గించి, "వెర్లీన్ గారూ, ఆయన మాకూ ఐస్ ఇచ్చాడండీ," అన్నాడు.

వెర్లీన్ నవ్వలేదు. "నువ్వు సాక్షివి కాబట్టి ఇది విచారణకి వస్తే దీని మీద ఓటు వెయ్యకూడదు. గుర్తుపెట్టుకో," అని మాత్రం అంది.

గార్త్ ఎలింగ్సన్ చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనరు. ఇనప సామాన్ల కొట్టు అతనిది. చర్చికి రంగు ఊరికే వేస్తాడు. పిల్లల బేస్‌బాల్ జట్టుకు కోచ్. నేను ఉత్తరాలు పంచే రోజుల్లో, మంచు కురుస్తుంటే, నన్ను లోపలికి పిలిచి వేడి కాఫీ చేతిలో పెట్టినవాడు. రాజీ కోసం గ్రంథాలయంలో ఒక గదిలో అతణ్ణి కూర్చోబెట్టినప్పుడు నా వైపే చూశాడు.

"లోరెన్, నువ్వు నన్నెరుగుదువు కదయ్యా."

"ఎరుగుదును గార్త్. అందుకే అడుగుతున్నా. ఎందుకలా చేశావు?"

"నేనేం చేశాను? ఎవరికో మాటిచ్చాను, వాళ్ళు మళ్ళీ రాలేదు. అంతే."

"ఎవరు వాళ్ళు?"

"పేరు గుర్తు లేదు."

వెర్లీన్ అప్పుడు మెల్లగా అంది. "గార్త్ గారూ, మేమడిగేది పెద్దదేం కాదు. ఇల్లింకా ఖాళీగానే ఉంది. ఆ అమ్మాయికి ఇచ్చెయ్యండి. ఇక్కడితో మూసేద్దాం. ఎవరికీ తెలీదు."

"ఇస్తే తప్పు చేసినట్టు ఒప్పుకున్నట్టే కదా?" అన్నాడు గార్త్. అతను నిజంగానే నొచ్చుకున్నాడు. "నా జట్టులో ఎంతమంది నల్లపిల్లలున్నారో మీకు తెలుసా? వాళ్ళని నా బండిలో ఇళ్ళ దగ్గర దింపుతాను. నన్నా మీరు ఈ మాట అంటున్నది?"

దింపుతాడు, అదీ నిజమే. ఆ పిల్లలందరి ఇళ్ళూ రైలుపట్టాలకు అవతల, ఏటి వైపు ఉంటాయి. మార్వెల్లా కూడా అక్కడే, తన అన్న ఇంటి నేలమాళిగలో ఇద్దరు కూతుళ్ళతో ఉండేది. ప్రతి వసంతంలోనూ ఏరు పొంగితే ఆ గదిలోకి మోకాలి లోతు నీళ్ళు వచ్చేవి. పెద్దపిల్లకు దగ్గు తగ్గేది కాదు. లిండెన్ వీధి మిట్ట మీద ఉంది. బడి అక్కడికి నాలుగడుగులు. అంతకుమించి ఆ ఇంట్లో గొప్పేం లేదు.

రాజీ కుదరలేదు. బహిరంగ విచారణ పెట్టాం. నీళ్ళ బిల్లుల పక్క గది చాలక, పైన కౌన్సిల్ హాల్లో కూర్చున్నాం. ఊరు సగం వచ్చింది. కిరాణా కొట్టులో నా వెనక నిలబడి "పనీపాటా లేనోళ్ళకి పదవులిస్తే ఇంతే" అని నాకు వినపడేట్టు అన్న ఆవిడ మొదటి వరసలో ఉంది. గార్త్ జట్టు పిల్లల తల్లిదండ్రులు ఒక మూల, వెర్లీన్ చర్చివాళ్ళు ఒక మూల. మధ్యలో ఖాళీ కుర్చీలు.

హోలిస్ తను చూసింది చూసినట్టు చెప్పాడు. తరువాత మార్వెల్లా లేచింది. గార్త్ పెట్టుకున్న వకీలు పొరుగూరివాడు, పెద్దమనిషి. గొంతు పెంచకుండా ఒక్కొక్కటే అడిగాడు.

"ఆ రోజుకు ముందు మా క్లయింటును మీరెప్పుడైనా చూశారామ్మా?"

"చూశానండీ."

"ఎక్కడ?"

మార్వెల్లా వెర్లీన్ వైపు చూసింది. వెర్లీన్‌కూ ఆ సంగతి తెలియదు.

"అడిగినదానికి జవాబు చెప్పండి. ఆయన మీద మీకు పాత కోపం ఏమైనా ఉందా?"

"కోపమేం లేదండీ. ఆయన వాళ్ళమ్మగారిని చూడ్డానికి మా నర్సింగ్ హోమ్‌కి వస్తుంటారు. ఆవిడకి స్నానం చేయించేది నేనే. జుట్టు దువ్వేది, తినిపించేది కూడా నేనే. ఆయన వచ్చినప్పుడు కుర్చీ వేసేదీ నేనే." ఇంకేదో చెప్పబోయి ఆపుకుంది. "ఆయన నన్నెప్పుడూ ముఖం వైపు చూడలేదు కాబట్టి గుర్తుపట్టలేదండీ."

గార్త్ తల వంచుకుని తన చేతులు చూసుకుంటున్నాడు. వకీలు గబుక్కున కూర్చున్నాడు. మేం గెలిచామని నాకు ఆ క్షణమే అనిపించింది. గెలిచాం కూడా. హోలిస్ ఓటు వెయ్యకుండా పక్కన కూర్చోగా ఆరుగురం ఓటు వేశాం. నలుగురు ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు. వివక్ష జరిగిందని, ఇల్లు ఆమెకు ఇవ్వాలని తీర్మానం. కమిషన్ పుట్టాక ఇలాంటి ఉత్తర్వు ఇవ్వడం అది రెండోసారి. బయట మెట్ల మీద వెర్లీన్ నన్ను కౌగిలించుకుంది. "మా అమ్మ ఉంటే ఈ మెట్ల మీదే గొంతెత్తి పాడేది లోరెన్," అంది.

ఆ వారమే మార్వెల్లా ఉద్యోగం పోయింది.

వెర్లీన్, నేను కలిసి నర్సింగ్ హోమ్‌కు వెళ్ళాం. మేనేజరమ్మ మమ్మల్ని నిలబెట్టే మాట్లాడింది.

"ఆ అమ్మాయి పనిలో వంక పెట్టడానికేం లేదండీ. కానీ ఇక్కడుండే పెద్దవాళ్ళ గురించి బయట మాట్లాడకూడదు. అది మా నియమం. పదిమందిలో, ఒక తల్లి స్నానం గురించి చెప్పింది."

"తనంతట తను చెప్పలేదమ్మా," అంది వెర్లీన్. "ఆయన వకీలు అడిగాడు. జవాబు చెప్పమని గుచ్చి గుచ్చి అడిగాడు."

"పేరు చెప్పకుండా ఉండాల్సింది."

"ఎలా? ఆయన అక్కడే కూర్చుని ఉంటే?"

"నన్నేం చెయ్యమంటారు? కుటుంబం నుంచి ఫిర్యాదు వచ్చింది."

కుటుంబం అంటే ఎవరో ఆవిడ చెప్పలేదు, మేం అడగలేదు. వెనక్కి వస్తుంటే వరండాలో ఇంకో ఆయా మా వెంట నడుస్తూ గుసగుసగా అంది. "పెద్దావిడ మూణ్ణాళ్ళ నుంచీ ఎవర్నీ ఒంటి మీద చెయ్యి వెయ్యనివ్వట్లేదు. మార్వెల్లా ఏది, మార్వెల్లా ఏదంటూ ఒకటే ఏడుపు. మాకు ప్రాణం పోతోంది."

కారులో వెర్లీన్, "సాక్ష్యం చెప్పమని బోనెక్కించింది నేనే," అంది. "ఏం అడుగుతారో ముందే కూర్చోబెట్టి నేర్పాల్సింది."

"నీకేం తెలుసు, ఆవిడ వాళ్ళమ్మ దగ్గర పని చేస్తుందని?"

"అడగాల్సింది లోరెన్. జుట్టు కత్తిరించేదాన్ని, అందరి సంసారాలూ అడుగుతాను. ఇదొక్కటీ అడగలేదు."

ఫిర్యాదు చేసినందుకు కక్ష తీర్చుకోవడం కూడా మా చట్టం ప్రకారం నేరమే. వెర్లీన్ కొత్త ఫిర్యాదు రాయించి నగర న్యాయవాది కోరీ బ్లేక్‌మన్ దగ్గరికి తీసుకెళ్ళింది. కోరీ కుర్రవాడు, నవ్వు ముఖం. వెర్లీన్‌ను ఎప్పుడూ లేచి నిలబడే పలకరిస్తాడు.

"కొంచెం ఆగుదామండీ వెర్లీన్ గారూ. మీ ఉత్తర్వే ఇంకా అమల్లోకి రాలేదు. నగర కౌన్సిల్ ఆమోదించాలి కదా. పైగా చట్టాన్నే కాస్త సవరించే ఆలోచన ఉంది."

"ఏం సవరణ?"

"మీ మంచికేనండీ. ఆ ఎలింగ్సన్ గారి వకీలు నగరం మీద దావా వేస్తానంటున్నారు. జీతం లేకుండా పనిచేసే మీలాంటివాళ్ళ మీద ఇంత బరువు పెట్టడం న్యాయం కాదని మేయర్ గారి ఉద్దేశం."

"బరువుగా ఉందని నేనెవరికైనా చెప్పానా బాబూ?"

కోరీ నవ్వాడు. "మీరు చెప్పరు. అదే మీ గొప్పతనం."

కౌన్సిల్ సమావేశం రోజున మాట్లాడదలచినవాళ్ళకు తలా మూడు నిమిషాలిచ్చారు. గార్త్ మాట్లాడలేదు. అతని తరఫున చర్చివాళ్ళు, జట్టు పిల్లల తల్లులు వరసగా మాట్లాడారు. అతను ఎంత మంచివాడో చెప్పారు. ఒకావిడ ఏడ్చింది కూడా. మార్వెల్లా గురించి ఒక్క చెడ్డమాట ఎవరూ అనలేదు. అసలు ఆమె పేరే ఎవరూ ఎత్తలేదు.

వెర్లీన్ లేచి మైకు దగ్గరికి వెళ్ళింది.

"గార్త్ గారు మంచివారా కాదా అని మేం విచారించలేదు," అంది. "ఒక ఇల్లు ఖాళీగా ఉందా లేదా అని విచారించాం. అది ఖాళీగా ఉంది. ఒకరికి ఉందన్నారు, ఒకరికి లేదన్నారు. అంతే కదండీ జరిగింది? దీనికి ఆయన మంచితనంతో ఏం పని? ఆ అమ్మాయిది మంచితనం కాదా? ఆయన కన్నతల్లికి అన్నం తినిపించింది. ఇప్పుడు ఇల్లూ లేదు, పనీ లేదు. ఆమె చేసిన తప్పల్లా మా మాట నమ్మి మా దగ్గరికి రావడం. మీరు ఇవాళ..."

గంట మోగింది. మూడు నిమిషాలు అయిపోయాయి.

మేయర్ నాన్ హెడ్‌లండ్ మైకు తన వైపు లాక్కుని ఎంతో ప్రేమగా మాట్లాడింది. కమిషన్‌ను బలహీనపరచడం తన ఉద్దేశం కాదంది. తగువులు రాష్ట్ర రాజధానిలో జీతాలు తీసుకునే నిపుణులు చూసుకుంటారని, కమిషన్ ఇక మీద మనసులు కలిపే పని మీద దృష్టి పెట్టవచ్చని చెప్పింది. తరువాత గుమాస్తా సవరణ చదివాడు. చట్టంలో మొదటి వాక్యంలోంచి "రక్షించడానికీ" అన్న మాట తీసేశారు. "పెంపొందించడానికీ" ఉంచారు. దాని కింద విచారణలు, ఉత్తర్వులు, సాక్షుల గురించి ఉన్న భాగాలన్నీ కొట్టేశారు. ఒక్క సభ్యుడు తప్ప అందరూ చేతులెత్తారు. అంతా అయ్యేసరికి బయట ఇంకా వెలుతురుంది.

గార్త్ మీద ఇచ్చిన ఉత్తర్వు అలా గాలిలో కలిసిపోయింది. వెర్లీన్ మార్వెల్లాను కూర్చోబెట్టుకుని, ఇల్లు సంగతీ ఉద్యోగం సంగతీ రెండూ మొదటినుంచి రాయించి రాజధానికి పంపింది. అక్కడివాళ్ళు అందిందని జవాబిచ్చారు. విషయం పరిశీలనలో ఉందని ఇంకో జవాబిచ్చారు. పరిశీలించే అధికారి మారాడని మరో జవాబిచ్చారు. వసంతం వచ్చి ఏరు పొంగింది. నేలమాళిగలోకి నీళ్ళొచ్చిన రోజున మార్వెల్లా మిల్వాకీలో ఉన్న వాళ్ళ పిన్ని దగ్గరికి వెళ్ళిపోయింది. సామాను మొయ్యడానికి నేను, హోలిస్ వెళ్ళాం. పెద్దగా ఏం లేదు, సగం తడిసిపోయింది.

కారెక్కేముందు వెర్లీన్ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నేను వదలను. రాజధానికి ప్రతి వారం ఫోన్ చేస్తా."

"చెయ్యి అక్కా," అంది మార్వెల్లా. ఆ మాటలో నమ్మకం లేదు, నిష్ఠూరమూ లేదు. మాకు నొప్పి కలగకూడదని అన్నట్టుంది.

ఆ ఏడాది కమిషన్‌కు నగరం మునుపెన్నడూ ఇవ్వనంత డబ్బిచ్చింది. ఏటి ఒడ్డు పార్కులో "మనమంతా ఒక్కటే" పండగ చేయమన్నారు. బుడగలు, బ్యాండు, ఎనిమిది దేశాల తిండి. వెర్లీన్ చేత మైకు పట్టించారు. ఆమె పట్టుకుంది. పండగ బాగా జరిగిందని పత్రికలో ఫొటో వేశారు. అందులో ఆమె నవ్వుతోంది. ఆ నవ్వు పార్లర్లో నేనెప్పుడూ చూసింది కాదు. అప్పటికే హోలిస్ రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. నువ్వెందుకింకా ఉన్నావని వెర్లీన్‌ను ఒకసారి అడిగాను.

"మా అమ్మ ఆ మెట్ల మీద కూర్చుంటే ఆవిడ మీద నీళ్ళు పోసేవాళ్ళు లోరెన్. నా మీద ఎవరూ నీళ్ళు పొయ్యట్లేదు. పువ్వులిస్తున్నారు. ఎలా లేచిపోవాలో తెలియట్లేదు," అంది.

ప్రతి వారం ఫోన్ చేస్తానన్న మాట మాత్రం నిలబెట్టుకుంది. పార్లర్లో ఒకరి తలకు రంగు పట్టేలోపు రాజధానికి ఫోన్ చేసి, భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఆగమని చెప్పి వాళ్ళు లైనులో పెట్టే సంగీతం వింటూ నిలబడేది. తలకు రంగు పట్టేది, ఫోన్లో మనిషి పలికేది కాదు.

మూడో ఏడు సగంలో తీర్పు వచ్చింది. మార్వెల్లా గెలిచింది. వివక్ష జరిగిందని రాజధాని కూడా అంది. కానీ అప్పటికి గార్త్ ఆ ఇల్లు అమ్మేశాడు. నర్సింగ్ హోమ్ చేతులు మారింది, కొత్త యజమానులకు పాత సంగతులతో సంబంధం లేదట. గార్త్ ఆమెకు కొంత పరిహారం ఇవ్వాలి. ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళ కోసం పెట్టే శిక్షణ తరగతికి హాజరవ్వాలి. ఆ తరగతి పూర్తి చేసినట్టు ధ్రువపత్రం అందితేనే కేసు మూస్తారు. మూస్తేనే పరిహారం ఆమె చేతికి వస్తుంది.

మా ఊళ్ళో అలాంటి తరగతి ఒక్కటే ఉంది. సవరణ తరువాత మాకు మిగిలిన పనుల్లో అదొకటి. నీళ్ళ బిల్లుల పక్క గదిలో వెర్లీన్ దాన్ని చెప్పేది.

శనివారం పొద్దున గార్త్ ఉతికిన చొక్కా వేసుకుని, అందరికీ డోనట్ల పెట్టె పట్టుకుని వచ్చాడు. అందరికంటే ముందు వచ్చి, నాతో కలిసి కుర్చీలు వేశాడు. "మోకాలు ఎలా ఉంది లోరెన్?" అని అడిగాడు. బాగానే ఉందన్నాను. వెర్లీన్‌కు, "నమస్కారం వెర్లీన్ గారూ," అన్నాడు. ఆమె కూడా నమస్కారం అంది.

తరగతికి ఇంకో అరడజను మంది వచ్చారు. వాళ్ళలో ఈమధ్యే రెండు వాటాల ఇల్లు కొన్న ఒక కొత్త జంట ఉంది. వెర్లీన్ చట్టం చెప్పింది. ఎవరిని ఏం అడగవచ్చో, ఏం అడగకూడదో చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. నేను వెనక కాఫీ పోస్తున్నాను. మధ్యలో ఆ కొత్త పెళ్ళికూతురు చెయ్యెత్తింది.

"మేడమ్, మనకి నచ్చనివాళ్ళు వచ్చారనుకోండి. గొడవెందుకని, ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేశాం అని చెప్పెయ్యొచ్చా? ఎవరి మనసూ నొప్పించకుండా?"

వెర్లీన్ నోరు తెరిచేలోపే గార్త్ ఆమె వైపు తిరిగాడు.

"అలా అనకూడదమ్మా," అన్నాడు తండ్రిలాగా. "ఖాళీ ఉండి లేదని చెప్పడమే చట్టం ప్రకారం తప్పు. నువ్వెంత మర్యాదగా చెప్పావన్నది లెక్కలోకి రాదు. వచ్చినవాళ్ళందరికీ ఒకే మాట చెప్పాలి. ముందు ఎవరడిగితే వాళ్ళది ముందు చూడాలి. వీధివాళ్ళు ఏమనుకుంటారో అన్నది కారణం కాదు."

"అబ్బో, మీకు బాగా తెలుసే!" అంది ఆ పిల్ల.

"ఇరవయ్యేళ్ళుగా ఇళ్ళు అద్దెకిస్తున్నానమ్మా. ఇవన్నీ తెలియకుండా ఎలా?"

వెర్లీన్ బోర్డు దగ్గర అలాగే నిలబడి, "ఆయన చెప్పింది సరిగ్గా ఉంది," అంది. తరువాతి అంశానికి వెళ్ళింది. ఆ తరువాత కూడా వాళ్ళకు ఏ సందేహం వచ్చినా గార్త్ వైపే తిరిగి అడిగారు. అతను అన్నిటికీ సరైన జవాబే చెప్పాడు.

అయిపోయాక అందరూ తమ ధ్రువపత్రాలు తీసుకుని వెళ్ళారు. గార్త్ చివరగా వచ్చాడు. వెర్లీన్ అతని కాగితం ముందు పెట్టుకుని కలం పట్టుకుని కూర్చుంది. ఆమె సంతకం పెట్టదేమో అనుకున్నాను. పెట్టకూడదని నాలో ఒక మూల కోరుకున్నాను కూడా. కానీ ఆ సంతకం మీదే మార్వెల్లాకు రావలసింది ఆగి ఉంది. వెర్లీన్ సంతకం పెట్టి, కాగితం అతని చేతికిచ్చింది.

"చాలా బాగా చెప్పారండీ," అన్నాడు గార్త్. "ఇలాంటివి బళ్ళో పిల్లలకి కూడా చెప్పాలి. చిన్నప్పుడే నేర్పితే అసలీ గొడవలే ఉండవు."

అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. వెక్కిరింపు కాదు. వెక్కిరింపై ఉంటే వెర్లీన్ ఏదో ఒకటి అని ఉండేది.

అతను వెళ్ళాక ఆమె అక్కడే కూర్చుండిపోయింది. నేను కుర్చీలు మడుస్తున్నాను.

"తెలియక చేశాడేమో అనుకునేదాన్ని లోరెన్," అంది. "ఎక్కడో ఒక మూల. ఎవరైనా చెబితే మానేస్తాడేమోనని. అందుకే కదా మనం ఇన్నాళ్ళూ ఈ తరగతులు చెప్పింది."

ఆమె ఫోన్ తీసి మిల్వాకీకి కలిపి, స్పీకరులో పెట్టింది.

"మార్వెల్లా, నేనమ్మా. అయిపోయింది. ఇవాళ సంతకం పెట్టేశాను. ఇంక నీకు రావలసింది వచ్చేస్తుంది."

"ఆయనొచ్చాడా అక్కా?"

"వచ్చాడు."

"ఏమన్నా అన్నాడా? నా గురించి?"

వెర్లీన్ కళ్ళు మూసుకుంది. "లేదమ్మా."

అవతల ఎవరో మార్వెల్లాను పిలుస్తున్న చప్పుడు, బల్లలు జరుపుతున్న చప్పుడు వినిపించాయి.

"సరే అక్కా, నాకు డ్యూటీ టైమైంది. నువ్వు జాగ్రత్త," అని ఆమె పెట్టేసింది.

వెర్లీన్ లేచి బోర్డు తుడిచింది. గార్త్ తెచ్చిన పెట్టెలో ఇంకా నాలుగు డోనట్లు మిగిలి ఉన్నాయి. నేను వాటిని చెత్తబుట్టలో పడేశాను.